ఎదురుగా ఒకరు నిలబడాలి

రుద్రాంశ్‌కు డ్యాన్సు రాదు. ఈ ముక్క సెట్లో పైకి అన్నవాళ్లకు మర్నాడు పని ఉండేది కాదు. అందుకని మేమంతా "బాబు ఇవాళ కొంచెం అలిసిపోయారు" అనేవాళ్లం. మూడు సినిమాల పాటు ఆయన అలిసిపోతూనే ఉన్నాడు.

నేను డ్యాన్సు అసిస్టెంటును. పేరు హైమవతి, సెట్లో హైమక్క. డానియెల్ మాస్టరు పాటకు స్టెప్పులు కడతారు, వాటిని హీరోల ఒంటికి ఎక్కించడం నా పని. కెమెరా పక్కన, హీరోకు ఎదురుగా నిలబడి నేను ఆడతాను. నన్ను చూసి అతను ఆడతాడు. అతని కుడి చెయ్యి లేవాలంటే నా ఎడమ చెయ్యి లేవాలి, అద్దంలో బొమ్మలాగ. తెర మీద హీరో కళ్లు మెరుస్తుంటే హీరోయిన్ని చూసి కరిగిపోతున్నాడని జనం ఈలలు వేస్తారు. వాడి మొహం! వాడు చూసేది నా కాళ్లను, ఎక్కడ తప్పుతానో అన్న భయంతో. పద్దెనిమిదేళ్లుగా ఎన్ని పాటలో లెక్క లేదు గానీ ఒక్క ఫ్రేములోనూ నా కాళ్లు లేవు.

కోపం లేదా అంటే, ఉంది. లేకేం? కోపమంతా కౌంటులో చూపించేదాన్ని. "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్!" అని మైకులో నేను అరిస్తే ఫ్లోరు బయట టీ తాగుతున్నవాళ్లు కూడా గ్లాసు కింద పెట్టేసేవారు.

కృష్ణానగర్‌లో మూడో అంతస్తులో రెండు గదులు మావి. నేనూ, నా కూతురు ఇందుజా. దాని తండ్రి ఒక గ్రూపు డ్యాన్సరు. వెళ్లిపోయాడు, అంతకంటే చెప్పడానికేం లేదు. మర్నాటి పాటను ముందురోజు సాయంత్రం ఇంట్లో సాధన చేసుకునేదాన్ని. అక్కడొచ్చింది చిక్కు. ఎదురుగా మనిషి లేకపోతే నా ఒళ్లు కదలదు. ఏళ్ల తరబడి ఎవరో ఒకరి మొహంలోకి చూస్తూ ఆడి ఆడి, ఒంటరిగా ఆడటం మర్చిపోయాను. అందుకని ఆరేళ్ల ఇందుజను తెచ్చి ఎదురుగా నిలబెట్టాను. తప్పితే ఆగేదాన్ని, నాలుక చప్పరించేదాన్ని, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టేదాన్ని. పాట అయిపోగానే దాని నెత్తిన ఒక మొట్టికాయ పెట్టి "ఫో, చదువుకో" అనేదాన్ని. బాగా ఆడితే చిన్న మొట్టికాయ, తప్పితే పెద్దది. ముద్దులు పెట్టుకునే అలవాటు మా ఇళ్లలో లేదు.

పదమూడేళ్లు అలా నిలబెట్టింది నేనే. బీకాం అయ్యాక అది "నేను డ్యాన్సర్ని అవుతా" అంటే "కాళ్లు ఇరగ్గొడతా" అన్నదీ నేనే.

"ఏం, నీలాగా కెమెరా పక్కన నిలబడతానంటున్నానా? ముందు నిలబడతా" అంది.

"ముందు నిలబడ్డానికి నువ్వెవరివే? ఎవరి కూతురివి?"

"నీ కూతుర్ని."

"అందుకే చెప్తన్నా, వద్దని."

నా మాట వింటే అది నా కూతురెలా అవుతుంది? సెలక్షన్లకు పోవడం మొదలెట్టింది.

*

రుద్రాంశ్ నాలుగో సినిమాలో వాళ్ల నాన్న చక్రధరరావుకు ఒక ఆలోచన వచ్చింది. డబ్బు పెట్టేది ఆయనే కాబట్టి ఆలోచనలు ఆయనకే వస్తాయి. నాలుగు నిమిషాల పాట, ఒక్క కట్ కూడా లేకుండా, ఒకే టేకులో. కొడుక్కి డ్యాన్సు రాదన్న నోళ్లన్నీ ఆ దెబ్బతో మూతపడాలట. డానియెల్ మాస్టరు ఆ మాట విని తల పట్టుకున్నారు. వారం తిరక్కుండా నన్ను కారెక్కించి గచ్చిబౌలి అవతల ఒక అద్దాల మేడకు తీసుకెళ్లారు.

అక్కడ డాక్టర్ కౌముది అని ఒకావిడ ఉంది. నా ఈడుదే. మెత్తగా మాట్లాడుతుంది. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు మొదట్నుంచీ పడదు.

ఆవిడ ముందుగా ఒక గదిలోకి తీసుకెళ్లింది. ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. చకచకా పెట్టేశాడు.

"ఈయనకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. బొత్తం పెట్టుకోవడం పూర్తిగా మర్చిపోయారు. ఈయన తమ్ముడు తన దగ్గరున్నది ఇచ్చారు" అంది కౌముది.

"ఏందిచ్చాడు?"

"బొత్తం పెట్టుకోవడం."

"మరి ఆ తమ్ముడో?"

"ఆయన టీషర్టులు వేసుకుంటున్నారు."

తర్వాత విడమరిచి చెప్పింది. ఒంటికి వచ్చిన పనిని చేసిన ప్రతిసారీ మెదడులో ఆ పని తాలూకు గుర్తు మైనంలా మెత్తబడుతుందట, కొన్ని గంటల్లో మళ్లీ గట్టిపడుతుందట. మెత్తగా ఉన్నప్పుడే వీళ్ల యంత్రం దాన్ని చదవగలదు. చదవడం పూర్తయ్యేదాకా గట్టిపడకుండా ఒక మాత్ర వేస్తారు. ఆ తర్వాత అది గట్టిపడమన్నా గట్టిపడదు, కరిగిపోతుంది. చదివినదాన్ని ఇంకో మనిషిలో పోసి అక్కడ గట్టిపడనిస్తారు.

"అంటే బూరెలో పూర్ణమంతా మీరు తీసుకుని, నాకు పైతోలు వదుల్తారన్నమాట" అన్నాను.

"నడక, పనులు, మాట, అన్నీ మామూలుగానే ఉంటాయి. మీరు యంత్రం కింద చేసిన కదలికలే పోతాయి. డ్యాన్సు ఒక్కటే."

"డ్యాన్సు ఒక్కటేనా! ఎంత తేలిగ్గా అన్నావమ్మా. నీ చదువు ఒక్కటే ఇవ్వు చూద్దాం."

డానియెల్ మాస్టరు నా మోచెయ్యి గిల్లారు. నేను కుర్చీ వెనక్కి తోసేసి లేచి వచ్చేశాను. నాకేం పిచ్చా?

ఆ వారమే ఇందుజ మూడోసారి సెలక్షన్ల నుంచి తిరిగొచ్చింది. లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఏమైందని అడిగితే నవ్వింది. ఏడిస్తే బాగుండేది.

"చాలా బాగా ఆడుతున్నానంట. తప్పు పట్టేదే లేదంట. హైమక్క కూతురు కదా, అసిస్టెంటుగా పెట్టుకుందాం, ఎట్లాగూ అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి అన్నారు."

ఎవరన్నారని అడగలేదు. అందరూ అనే మాటే. నా మోకాళ్లు అరిగిన మాట కూడా నిజమే. ఇంకో మూడేళ్లో నాలుగేళ్లో ఆడతాను, తర్వాత ఎవరో ఒకమ్మాయి నా స్థానంలో నిలబడుతుంది. ఆ అమ్మాయి ఎవరో వాళ్లు అప్పుడే తేల్చేసుకున్నారన్నమాట. మెట్ల మీద నా కూతురి పక్కన నిలబడి ఉంటే నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు చక్రధరరావు ఆఫీసుకు వెళ్లాను. "నా డ్యాన్సు ఇస్తాను. డబ్బు సంగతి మీ ఇష్టం. ఆ ఒక్క టేకు పాటలో మా ఇందుజ ముందు వరసలో, నడిమధ్యలో, కెమెరాకు ఎదురుగా ఉండాలి. కాగితం మీద రాసివ్వండి" అన్నాను.

"అంతేనా అమ్మా?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు చెంప పగలగొట్టాలనిపించింది. ఆయన సంతకం పెట్టాక కాగితం తీసుకుని బయటికొచ్చేశాను.

*

పంతొమ్మిది రోజులు పట్టింది. తలకు ఒక టోపీ, చేతులకూ కాళ్లకూ తొడుగులు. పొద్దున్నే ఒక చేదు మాత్ర. మొదటి రోజు నన్ను ఖాళీ గదిలో నిలబెట్టి, పాట వేసి, "ఆడండి" అంది కౌముది. నేను స్తంభంలా నిలబడిపోయాను.

"ఏమైంది?"

"ఎదురుగా మనిషేరీ?"

"ఉన్నట్టు ఊహించుకోండి."

"ఊహించుకుని ఎవరాడతారమ్మా? ఎవరో ఒకర్ని నిలబెట్టు, ఎవరైనా పర్లా."

సుధీర్ అనే ఇంజనీరును నిలబెట్టారు. ముప్ఫయ్యేళ్ల మనిషి, బొజ్జ, మెడలో గుర్తింపు కార్డు. నేను ఆడుతుంటే అతను మొహమాటంగా కాళ్లు కదిపేవాడు. అతను తడబడితే నేను ఆగేదాన్ని, నాలుక చప్పరించేదాన్ని, "ఆ... ఆ... అంతే" అని కనుబొమ్మలెత్తి లాక్కొచ్చేదాన్ని. పాట అయిపోగానే చెయ్యి దానంతటదే వెళ్లి అతని నెత్తిన మొట్టికాయ వేసింది. గదిలో అందరూ నవ్వారు. సుధీర్ నెత్తి రుద్దుకుంటూ "అదీ రికార్డయింది మేడమ్" అన్నాడు. "ఉండనీ, ఏం కాదులే" అంది కౌముది.

ఏం కాదట! పద్దెనిమిదేళ్ల నా పని ఎలాంటిదో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు. చేప నీళ్ల గురించి చెబుతుందా? నాకు డ్యాన్సంటే అదే. ఎదుటివాడి మొహం చూడటం, వాడికోసం ఆగడం, వాడిని గట్టెక్కించడం. వేరే రకం ఉందన్న సంగతే నాకు తట్టలేదు.

పొద్దున ఆడిన పాట సాయంత్రానికి నాలో ఉండేది కాదు. నొప్పేమీ లేదు. పాట గుర్తుండేది, కౌంటు గుర్తుండేది, మాస్టరు తిట్టిన తిట్లు కూడా గుర్తుండేవి. కాలికి మాత్రం ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

పోయిందని మొదట తెలిసింది వంటింట్లో. పొయ్యికీ సింకుకీ మధ్య ఒక్క మడమ మీద తిరిగిపోయేదాన్ని, చేతిలో మరుగుతున్న పాల గిన్నె ఉన్నా సరే. పదహారో రోజున అలా తిరగబోతే కాలు అక్కడే ఉండిపోయింది, నేను తిరిగాను. పాలన్నీ నేలపాలు. అప్పట్నుంచి అందరాడవాళ్లలాగే మూడడుగులు వేసి సింకు దగ్గరికి వెళ్తున్నాను. మూడడుగులు! వంటింట్లోనే కూర్చుని పాలు తుడుస్తూ ఏడ్చాను. ఇలాంటివి చెప్పుకోవడం నాకు ఇష్టముండదు గానీ, ఏడ్చాను.

ఇందుజకు అప్పుడే తెలిసింది. దానికి ముందు వరసలో స్థానం దొరికిందని మాస్టరు ఫోన్ చేశారు, ఎందుకు దొరికిందో కూడా నోరు జారారు. అది తలుపు దగ్గరే చెప్పులతో నిలబడి నేను నేల తుడవడం చూసింది.

"నన్నడిగావా?"

"అడిగితే ఒద్దంటావుగా."

"అవును, వద్దంటా. నాకు నువ్వు తెచ్చిచ్చిన వరస వద్దు. నాకోసం కాదమ్మా నువ్విచ్చింది. నీకు డ్యాన్సంటే అసహ్యం. ఎప్పుడు వదిలించుకుందామా అని చూశావు, నా పేరు అడ్డం పెట్టుకుని వదిలించుకున్నావు."

లేచి లాగి ఒక్కటిచ్చాను. ఆ కదలికను మాత్రం ల్యాబులో ఎవరూ చదవలేదు. అది చెంప పట్టుకుని నన్నే చూసింది. మర్నాటి నుంచి నాతో మాటల్లేవు. పక్క గదిలో తింటుంది, పక్క గదిలో పడుకుంటుంది, పొద్దున్నే రిహార్సల్‌కు పోతుంది. అది అన్నదాంట్లో నిజం లేకపోతే నాకంత కోపం వచ్చేదా? ఆ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో నాకే తెలుసు.

*

రుద్రాంశ్‌కు నా డ్యాన్సు పోసిన మూడు వారాలకు డానియెల్ మాస్టరు నన్ను రిహార్సల్ హాలుకు పిలిచారు. "వచ్చి చూడు హైమా, నీ సొమ్మే" అన్నారు. గోడ వారన కుర్చీ వేశారు. నా జీవితంలో ఆ హాల్లో కూర్చోవడం అదే మొదటిసారి.

ముందు వరస మధ్యలో ఇందుజ ఉంది. నా వైపు చూడలేదు. రుద్రాంశ్ మాత్రం నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "ఆంటీ, నాకు డ్యాన్సు వద్దని నాన్నతో చెప్పాను. నా మాట ఎవరు వింటారు?" అన్నాడు మెల్లగా. ఆ రోజు నుంచి అతని మీద కోపం కొంచెం తగ్గించుకున్నాను, ఆ తగ్గించినది కూడా అతని నాన్న మీద వేసుకున్నాను.

పాట మొదలైంది. నా చోట ఎదురుగా నిలబడ్డ అసిస్టెంటు అమ్మాయిని చూస్తూ నాలుగు కౌంట్లు అద్భుతంగా ఆడాడు. నడుము విరుపు, మెడ తిప్పు, అన్నీ నావే. ఐదో కౌంటుకు అరవై మంది కుడికి కదిలితే అతను ఎడమకు కదిలాడు, పక్కనున్న అమ్మాయిని గుద్దేశాడు. నాకు వెంటనే అర్థమైంది. పద్దెనిమిదేళ్లూ నేను ఆడింది అద్దంలో బొమ్మను. అతనిలోకి వెళ్లింది ఆ బొమ్మే.

మాస్టరు తిట్టుకుంటూ అరవై మందికీ కుడి ఎడమలు మార్పించారు. ఒక పూటలో సర్దుకుంది. తర్వాత అసిస్టెంటు అమ్మాయి పక్కకు తప్పుకోగానే అసలు సంగతి బయటపడింది. రుద్రాంశ్ గడ్డకట్టినట్టు ఆగిపోయాడు. "కాళ్లు రావట్లేదు" అన్నాడు. అమ్మాయి మళ్లీ ఎదురుగా నిలబడితే కాళ్లొచ్చాయి. ఆమె ఒకచోట తడబడింది. పాట నడుస్తుండగానే రుద్రాంశ్ ఆగిపోయి, నాలుక చప్పరించి, మళ్లీ ఒకటి నుంచి అందుకున్నాడు. కనుబొమ్మలెత్తి, తలూపుతూ "ఆ... ఆ... అంతే" అంటున్నాడు. కోట్ల మంది చూడాల్సిన హీరో మొహం మీద నా మొహం ఉంది, చేతగానివాణ్ణి బతిమాలి లాక్కొచ్చే మొహం.

చక్రధరరావు కౌముది మీద విరుచుకుపడ్డాడు. "నేను అడిగింది డ్యాన్సరు! మీరు నా కొడుకును అసిస్టెంటును చేసి పెట్టారు! మళ్లీ రికార్డు చెయ్యండి."

"చెయ్యలేం సార్. ఆవిడలో ఇంకేం లేదు" అంది కౌముది. ఈసారి ఆమె గొంతు మెత్తగా లేదు.

అందరూ నా వైపు చూశారు. "చూస్తారేం? అడిగింది ఇచ్చాను. ఏమడుగుతున్నారో మీకు తెలియకపోతే నాదా తప్పు?" అన్నాను.

వరసగా తొమ్మిది మందిని అతని ఎదురుగా నిలబెట్టి చూశారు. ఎవరో ఒకచోట తడబడటం, అతను ఆగిపోవడం. చూసి చూసి విసుగొచ్చి, అతని వెనక ముందు వరసలో నిలబడ్డ ఇందుజ తనపాటికి తను ఆడటం మొదలెట్టింది. రుద్రాంశ్ ఎందుకో వెనక్కి తిరిగాడు, దాన్ని చూశాడు. అంతే. మొదటి నుంచి చివరి దాకా, నాలుగు నిమిషాలు, ఒక్క తప్పు లేకుండా ఇద్దరూ ఆడేశారు.

కౌముదికంటే ముందు నాకు తెలిసింది. అతనిలోకి వెళ్లిన నా ఆట పదమూడేళ్లు ఇందుజ ఎదురుగానే నడిచింది మరి. మనిషి మారినా ఆ ఆట దాన్ని గుర్తుపట్టింది.

చక్రధరరావు మొహం వెలిగిపోయింది. "ఆ పిల్లను వరసలోంచి తీసెయ్యండి. నల్ల బట్టలేసి కెమెరా పక్కన నిలబెట్టండి" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. "కాగితం రాసిచ్చారు సారూ. ముందు వరస, నడిమధ్య."

"పాటే ఆగిపోతే ముందు వరసా ఉండదు, వెనక వరసా ఉండదు. మీ అమ్మాయికి పెద్ద పనే ఇస్తున్నానమ్మా. నువ్వు చేసిన పనేగా?"

నేను చేసిన పనే. అందుకేగా నా ఒళ్లు ఖాళీ చేసుకుంది, అది ఆ పని చెయ్యకూడదని! నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఇద్దరు మనుషులు నన్ను మర్యాదగా బయటికి నడిపించారు. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే ఇందుజ తలొంచుకుని ఉంది. ఎవరో దాని చేతికి నల్ల చొక్కా ఇస్తున్నారు.

*

షూటింగ్ రోజు నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వెళ్లాను. ఊరి బయట పెద్ద మైదానంలో సెట్టు వేశారు. గేటు దగ్గర మనిషి పాతవాడు, "హైమక్కా" అని దారిచ్చాడు. పొద్దున తొమ్మిదైంది. అరవై మంది రంగుల బట్టల్లో వరసలు కట్టారు. ముందు వరస నడిమధ్యలో ఒక మనిషి పట్టే జాగా ఖాళీగా ఉంది. ఎవరిని నిలబెట్టాలో తేలలేదో, కాగితం భయమో మరి. కెమెరా పక్కన నల్ల చొక్కా, నల్ల ప్యాంటుతో నా కూతురు. పద్దెనిమిదేళ్లు నేను నిలబడ్డ చోటు.

మొదటి టేకు. రుద్రాంశ్ దాని మొహంలోకి చూస్తూ ఆడాడు. బాగా ఆడాడు, నిజం చెప్పాలి. ఇందుజ కూడా ఆడింది, ఎవరికీ కనపడకుండా. చివర్లో క్రేను కుదిపేసిందని కెమెరామన్ చెయ్యి ఊపాడు. ఇంకో టేకు కావాలి.

పాట ఆగగానే రుద్రాంశ్ నేరుగా కెమెరా దాటి ఇందుజ దగ్గరికి వచ్చాడు. వేళ్లు మడిచి, దాని నెత్తిన మొట్టికాయ పెట్టాడు. చిన్నది. బాగా ఆడితే పెట్టేది.

మైదానమంతా గొల్లున నవ్వింది. రుద్రాంశ్ తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. "సారీ... సారీ అండీ, ఎందుకు చేశానో తెలీదు" అన్నాడు.

ఇందుజ నవ్వలేదు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత జనంలోకి వెతుకుతున్నట్టు చూసింది. ఆ చూపు నన్ను పట్టుకుంది. నా చెయ్యి నా కొంగు కింద ఉంది. వేళ్లు ఎలా మడవాలో చూస్తున్నాను. రావట్లేదు. నేను ఆ మొట్టికాయ కూడా ఇచ్చేశానన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

అది నా దగ్గరికి వచ్చింది. నెల తర్వాత మొదటి మాట. "అమ్మా, నీకు కౌంటుంది కదా?"

"ఉంది. అది నోటిదిగా, పోలా."

"ఆ మైకు తీసుకో. ఏం జరిగినా ఆపకు."

అసిస్టెంటు అమ్మాయి చేతిలోంచి మైకు లాక్కున్నాను. ఆ పిల్ల అడ్డు చెప్పలేదు, నేను నేర్పిన పిల్లే. రెండో టేకు అన్నారు. "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్!" అని అరిచాను. అరిచి ఎన్నాళ్లయిందో!

పాట మొదలైంది. రుద్రాంశ్ ఆడుతున్నాడు. రెండో చరణం దగ్గర ఇందుజ కెమెరా పక్కనుంచి కదిలింది. ఆడుతూనే ముందుకు నడిచి, రుద్రాంశ్‌ను దాటుకుని, వరస మధ్యలో ఖాళీగా ఉన్న జాగాలోకి వెళ్లి, కెమెరా వైపు తిరిగి నిలబడింది. రంగుల మధ్య నల్లగా. రుద్రాంశ్ ఒళ్లు దానికోసం వెతుక్కుంది, దాని వైపు తిరిగింది. కెమెరాకు హీరో వీపు కనిపిస్తోంది. నా కూతురి మొహం కనిపిస్తోంది.

చక్రధరరావు గొడుగు విసిరేసి కేకలు పెట్టాడు. "కట్! కట్ అనండి! ఏం చేస్తోందా పిల్ల?" నేను ఆయన గొంతు మీద నా గొంతు వేశాను. "వన్, టూ, త్రీ, ఫోర్!" ఆ కౌంటు పడినంతసేపూ రుద్రాంశ్ ఆగడు, ఆగలేడు. పద్దెనిమిదేళ్లు నా కాళ్లు విన్నది ఆ గొంతే. నేను అరుస్తున్నాను, నా కాళ్లు అతని దగ్గర ఆడుతున్నాయి, నా కూతురు నా కాళ్లకు ఎదురుగా ఆడుతోంది. నేనొక్కదాన్నే నేలలో పాతిన కర్రలా నిలబడ్డాను. చివరి కౌంటు దాకా మైకు వదల్లేదు.

పాట ఆగింది. చక్రధరరావు ఊగిపోతూ వచ్చాడు. "ఈ తల్లీకూతుళ్లకు ఇండస్ట్రీలో ఇంకెక్కడా పని ఉండదు. నేను చూస్తాను" అన్నాడు.

ఇందుజ ఊపిరి ఎగబీలుస్తోంది, అయినా గొంతు పెంచలేదు. "కాగితంలో రాసిన చోటే నిలబడ్డాను సార్. తీసేస్తే తీసేయండి. రేపు బాబుకు ఎదురుగా ఎవరిని నిలబెడతారో చూసుకోండి. నేను మళ్లీ కెమెరా పక్కకు మాత్రం రాను."

ఆయన కొడుకు వైపు చూశాడు. రుద్రాంశ్ నేల మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. "ఆ అమ్మాయి లేకపోతే నాకు రాదు నాన్నా" అన్నాడు.

డానియెల్ మాస్టరు మానిటరు దగ్గరే ఉన్నారు. వేసిన టేకును మళ్లీ చూశారు, ఇంకోసారి చూశారు. "సార్, కోప్పడకండి. ఇద్దర్నీ ఎదురెదురుగా పెడదాం. కెమెరా ఇద్దరి చుట్టూ తిరుగుతుంది. సగం బాబు మొహం, సగం ఈ పిల్ల మొహం. ఇంతకంటే దారి లేదు" అన్నారు.

చక్రధరరావు చాలాసేపు నన్ను చూశాడు. నేనూ చూశాను, రెప్ప వెయ్యలేదు. "ఆ పిల్లకు రంగు బట్టలివ్వండి" అని వెళ్లిపోయాడు.

ఇందుజ నా దగ్గరికి వచ్చింది. చెమటకు నల్ల చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అది తల వంచి నా ముందు నిలబడింది, ఆరేళ్లప్పుడు నిలబడ్డట్టు.

నా చెయ్యి లేచింది. గాల్లోనే ఆగింది. ఎన్ని వేళ్లు మడవాలి, ఏ కణుపుతో తాకించాలి, నా చేతికి ఏమీ తెలియదు. పక్కనే ఎవరెవరో చూస్తున్నారు. సిగ్గుతో చెయ్యి దించేయబోయాను.

అది నా చెయ్యి పట్టుకుంది. "ఇట్లా" అంటూ ఒక్కో వేలూ మడిచింది. బొటనవేలు లోపలికి నొక్కింది. మళ్లీ తల వంచింది.

వేశాను. గురి తప్పి చెవి పైన తగిలింది.

"అబ్బా! నొప్పమ్మా!"

"నొప్పి పుట్టాలనే" అన్నాను. "ఫో, బట్టలు మార్చుకో."